ఇంత ఎత్తున నీళ్లెక్కడివి తాతయ్యా?

ఉద్యోగమంతా తాగునీటి పథకాల్లోనే గడిచింది. అందుకే కాబోలు, కొండవీడు ఎక్కినా భువనగిరి ఎక్కినా రాజుల కథలు తర్వాత, ముందు నీళ్ల సంగతి చూస్తాను. మా అమ్మాయి కాపురం రోములో. అక్కడికి వెళ్లినప్పుడల్లా మనవరాలినీ మనవడినీ వెంటబెట్టుకుని ఊళ్లు తిరగడం నాకు అప్పగించిన పని. ఇటలీలో కొండల మీది పాత ఊళ్లకు కొదవ లేదు. అస్సీసీ, వోల్తెర్రా, సాన్ జిమిన్యానో... ఎన్నని చెప్పను! కానీ పిల్లలున్నవాళ్లు అడిగితే నేను చెప్పేది ఓర్వియెతో పేరే. రోముకూ ఫ్లోరెన్సుకూ మధ్య, ఉంబ్రియా ప్రాంతంలో, రైలు దారి పక్కనే ఉంటుంది. రోము నుంచి మామూలు రైల్లో గంటంబావు. "పాత రాళ్లు చూపిస్తే పిల్లలు విసుక్కోరా బాబాయ్?" అని చుట్టాల పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ ఒక వరుసలో పెట్టాను.

1. ఊరు ఎక్కే ముందు కొండను చూపించండి

స్టేషన్ కొండ కింద ఉంది. రైలు దిగిన ప్రతివాళ్లకూ పైకి పోయే తొందరే. ఓ పది నిమిషాలు ఆగండి. తలెత్తితే ముందు కనిపించేది ఊరు కాదు, నిలువునా కోసినట్టున్న రాతి గోడ. లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి అయిన రాయి అది. అక్కడివాళ్లు తూఫో అంటారు. దాని అడుగున బంకమన్ను, దాని నెత్తిన ఊరు.

ఇక్కడ పిల్లలకు శతాబ్దాలు అప్పజెప్పకండి, ప్రశ్న వేయండి. అంత ఎత్తున ఇళ్లు ఎందుకు కట్టుకున్నట్టు? శత్రువు ఎక్కలేడని. బాగానే ఉంది. మరి ఆ శత్రువు ఎక్కకుండా కిందే డేరాలు వేసుకుని నెలల తరబడి కూర్చుంటే? పైనున్నవాళ్లకు నీళ్లేవి, తిండేది? మా మనవరాలు తొమ్మిదేళ్లది, "వాన నీళ్లు పట్టుకుంటారు" అంది. మనవడికి ఐదు. "డెలివరీ అంకుల్ తెస్తాడు" అన్నాడు. సరే, సాయంత్రానికి తేలుద్దామన్నాను. మ్యూజియంలో పలక ముందు నిలబెట్టి చదివించడం కన్నా ఈ పద్ధతి నాకు నమ్మకం.

నిజంగానే ఆ పరీక్ష ఈ కొండకు వచ్చింది. రోమన్ల కన్నా ముందు ఇక్కడ ఉన్నది ఎట్రస్కన్లు. వాళ్ల ఊరిని క్రీ.పూ. 264లో రోమన్లు ముట్టడించి పట్టుకుని, మిగిలిన జనాన్ని బొల్సేనా సరస్సు ఒడ్డుకు తరలించారు. పిల్లలకు ఈ ఒక్క తేదీ చాలు.

2. పైకి ఫ్యూనిక్యులర్‌లోనే వెళ్లండి

స్టేషన్ ఎదురుగానే ఎక్కొచ్చు. తాడు మీద నడిచే రెండు పెట్టెలు, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది, నడిమధ్యలో ఒకదాన్నొకటి తప్పుకుంటాయి. కొన్ని నిమిషాల్లో నూట యాభై మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది గానీ, 1888లో మొదలైనప్పుడు దాన్ని నడిపింది నీళ్లు. పైనున్న పెట్టె తొట్టిలో నీళ్లు నింపితే ఆ బరువుకు అది కిందికి జారుతుంది, జారుతూ కిందిదాన్ని పైకి లాగుతుంది. అడుగుకు చేరాక నీళ్లు వదిలేస్తారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇంజనీరునని చెప్పడం లేదు, ఆ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

సొంత కారులో వెళ్లేవాళ్లు ఊళ్లోకి తోలుకెళ్లకండి. పాత ఊళ్లలో బయటి కార్లకు ప్రవేశం లేని వీధులుంటాయి. కెమెరా ఫొటో తీస్తుంది, నెలల తర్వాత ఇంటికి జరిమానా కాగితం వస్తుంది. కాంపో దెల్లా ఫియెరా దగ్గర కారు పెడితే కొండలోంచి ఎస్కలేటర్లూ లిఫ్టులూ ఉన్నాయి.

3. బావికి పొద్దున్నే వెళ్లండి, తీరిగ్గా దిగండి

ఫ్యూనిక్యులర్ దిగిన చోటికి నాలుగడుగుల్లోనే సెయింట్ ప్యాట్రిక్ బావి ఉంది. ఓర్వియెతోలో పిల్లలకు ఒక్కటే చూపించే వీలుంటే నేను దీన్నే చూపిస్తాను. కథ కూడా వాళ్లకు నచ్చేదే. 1527లో చక్రవర్తి అయిదవ చార్లెస్ సైన్యం రోము మీద పడి దోచుకుంది. పోప్ ఏడవ క్లెమెంట్ కోటలో చిక్కుకుపోయి, ఆ ఏడాది చివర మారువేషంలో తప్పించుకుని ఈ కొండెక్కాడు. ఎక్కాక ఆయనకూ నేను కింద పిల్లల్ని అడిగిన అనుమానమే వచ్చింది. ముట్టడిస్తే నీళ్లెట్లా? వాస్తుశిల్పి అంతోనియో ద సాన్‌గాల్లోకు పని అప్పగించాడు. యాభై మీటర్లు దాటిన లోతు, 13 మీటర్ల వెడల్పు. పని 1537లో పూర్తయ్యేనాటికి క్లెమెంట్ పోయి మూడేళ్లు. ఆ బావి నీళ్లు ఆయన తాగనే లేదు. "మరి ఎవరు తాగారు?" అని అడుగుతారు. ఊరివాళ్లు తాగారని చెప్పండి.

బావి గొప్పతనం లోతులో లేదు, మెట్లలో ఉంది. నీళ్లు మోసేవి కంచర గాడిదలు. దిగే గాడిదకు ఎక్కే గాడిద ఎదురైతే దారి మూసుకుపోతుంది. అందుకని గుండ్రటి గోడ చుట్టూ రెండు మెట్ల దారులు, రెండు పేటల తాడులా ఒకదానికొకటి పెనవేసుకుని దిగుతాయి, ఎక్కడా కలవవు. అడుగున నీళ్ల మీద చిన్న వంతెన. ఒక దారిన వచ్చి, వంతెన దాటి, రెండో దారిన పైకి. ఒక్కో దారికి 248 మెట్లు. లోపలి గోడకు పొడుగునా కిటికీలు. బావి నోట్లోంచి పడే వెలుతురే వాటిలోంచి మెట్ల మీదికి వస్తుంది. మా వాళ్లిద్దరికీ ఆ కిటికీలే ఆట. మనవరాలిని వాళ్లమ్మతో ముందు పంపించి నేనూ పిల్లాడూ వెనక దిగాం. కాసేపటికి ఎదుటి కిటికీలోంచి అది చెయ్యి ఊపుతోంది, వీడు ఊపుతున్నాడు. "అక్క దగ్గరికి పోదాం" అంటాడు. ఎంత దిగినా అక్క దగ్గరికి పోలేం. అది ఎక్కుతోంది, మేం దిగుతున్నాం. అక్కడ కూర్చోబెట్టి ఎందుకు పోలేమో చెప్తే, మర్నాడు ఇంట్లో కాగితం మీద గీసి మాకు చూపించాడు.

మెట్లు గాడిదల కోసం కట్టినవి కనుక ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. పిల్లల కాళ్లకు సుఖం, మోకాళ్లు అరిగిన నాలాంటివాడికి మరీ సుఖం. అయినా ఎక్కేటప్పుడు తొందరపెట్టకండి, కిటికీ కిటికీకీ ఆగండి. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది, పిల్లలకు పల్చటి స్వెట్టరు ఉండాలి.

4. రోజుకు ఒక్క ఎక్కుడే

ఊరి మధ్యలో మోరో బురుజు ఉంది. 47 మీటర్లు. పైనుంచి చూస్తే ఊరంతా అరచేతిలో ఉంటుంది. బావి చూసిన రోజు దాని జోలికి పోకండి. రాత్రికి అక్కడే ఉండేట్టయితే మర్నాడు ఎక్కించండి, లేకపోతే వదిలేయండి. చూడనిది ఉంటే ఏం పోయింది?

5. పావురాల గదులు తప్పక చూపించండి

నీళ్ల ప్రశ్నకు జవాబు బావి చెప్పింది. తిండి ప్రశ్నకు జవాబు ఊరి కిందుంది. తూఫో మెత్తటి రాయి, ఉలికి లొంగుతుంది. రెండున్నర వేల ఏళ్లుగా ఇళ్లవాళ్లు ఎవరికి వాళ్లు తమ ఇంటి అడుగున తవ్వుకుంటూ పోయారు. ఇప్పటికి లెక్కకెక్కిన గుహలే 1,200 దాకా ఉన్నాయి. కొన్నిటిలోకి గైడు వెంట తీసుకెళ్తారు, సుమారు గంట పడుతుంది. ఇంగ్లిష్‌లో చెప్పే టూరు ఏ వేళకో ముందే కనుక్కోండి. ఇటాలియన్ టూరులో పడితే పిల్లలకన్నా ముందు మీకు ఆవులింతలు వస్తాయి.

లోపల గోడల నిండా చదరపు గూళ్లు, వరుసలు వరుసలుగా. పెద్దవాళ్లు చూసి సమాధులనుకుంటారు. పిల్లల్నే చెప్పమనండి. అవి పావురాల గూళ్లు. గది కొండ అంచున ఉంటుంది, బయటికి ఒక కిటికీ. పావురం పొద్దున ఎగిరి పొలాల్లో గింజలేరుకుని తిని, నీళ్లు తాగి, గూటికి తిరిగొస్తుంది. ఇంటివాళ్లు మేపక్కర్లేదు. ఊరి తలుపులు మూసినా, కింద శత్రువు కూర్చున్నా పావురం తిరిగొస్తుంది, దాన్ని వండుకుంటారు. పావురం మాంసం ఇప్పటికీ ఆ ఊరి వంటకమే. మా మనవడు "డెలివరీ అంకుల్ అంటే చెప్పానుగా!" అన్నాడు. మనవరాలు మాత్రం ముఖం ముడుచుకుంది. ముడుచుకోనివ్వండి, సర్దిచెప్పి కథ తీపి చెయ్యకండి.

అక్కడే ఎట్రస్కన్ల బావులూ కనిపిస్తాయి. మనిషి పట్టేంత సన్నటి దీర్ఘచతురస్రపు గొయ్యి, రెండు పక్కలా కాలు మోపడానికి చిన్న చిన్న గుంటలు. తవ్వినవాడు వాటి మీదే దిగాడు, వాటి మీదే ఎక్కాడు. నీటి కోసం అంత ఇరుకులో పనిచేసిన వాళ్లను తలచుకుంటే నాకు మాట పెగల్లేదు. ఒక హెచ్చరిక: కొన్ని దారులు ఇరుకు, కప్పు కిందికి ఉంటుంది. చీకటన్నా ఇరుకన్నా భయపడే పిల్లల్ని బలవంతాన తీసుకెళ్లకండి.

6. పెద్ద చర్చిని బయటి నుంచి చూడనివ్వండి

1290లో మొదలుపెట్టి తరాల తరబడి కట్టిన చర్చి అది. బంగారు రంగు బొమ్మలతో ముందుభాగం ధగధగలాడుతుంది. పెద్దవాళ్లు పైకి చూసి ఫొటోలు తీసుకుంటారు. పిల్లల్ని అడుగు భాగానికి తీసుకెళ్లండి. అక్కడి నాలుగు స్తంభాల మీద లొరెంజో మైతానీ, ఆయన శిల్పులూ సృష్టి మొదలు తీర్పు రోజు దాకా చెక్కారు. ఆదాము పక్కటెముకలోంచి అవ్వ బయటికి వస్తుంటుంది, ఇంకో స్తంభం మీద పాపుల్ని పాములు పట్టుకుని ఉంటాయి. "పామెక్కడ, ఎద్దెక్కడ" అని వెతికిస్తే అరగంట తెలియకుండా గడుస్తుంది. ఎద్దు స్తంభం పైన ఉంటుంది, కంచుది, దానితోపాటు సింహం, గద్ద, దేవదూత.

లోపల పావుగంట చాలు. నలుపూ తెలుపూ రాళ్ల చారల గోడలు చూపించి, కుడివైపు సాన్ బ్రిత్సియో గదిలోకి వెళ్లండి. లూకా సిన్యొరెల్లి 1499 నుంచి 1504 దాకా వేసిన చిత్రాల్లో అస్థిపంజరాలు నేలలోంచి లేచి వస్తుంటాయి. భయపడతారేమోనని మా అమ్మాయి సందేహించింది. మావాడు ఎముకలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. అయితే ఆ పక్కనే దయ్యాలు మనుషుల్ని హింసించే చిత్రం ఉంది, అది పెద్దపిల్లలకే. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు వేసుకెళ్లండి.

7. ఆకలి గడియారం ఆ ఊరిది, మీ పిల్లలది కాదు

వంటశాలలు మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరుస్తారు, రెండున్నర దాటితే పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. నడుమ చాలా దుకాణాలూ మూతే. మూడింటికి "ఆకలేస్తోంది" అన్న పిల్లాడితో ఆ వీధుల్లో తిరగడం నేను ఎవరికీ కోరను. పన్నెండున్నరకే కూర్చోండి. పిల్లలకు వెన్నో నూనో కలిపిన ఉత్త పాస్తా అడిగితే మెనూలో లేకపోయినా చేసిస్తారు, పాస్తా ఇన్ బియాంకో అనండి. ఊరి పాస్తా ఉంబ్రికెల్లి, చేత్తో లావుగా చుట్టినది, టమాటాతో బాగుంటుంది. రొట్టెలో ఉప్పుండదు, ఆ ప్రాంతపు అలవాటు అది. బిల్లులో మనిషికింత అని కోపెర్తో వేస్తారు, గొడవపడకండి. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నవాళ్లకు బావి పక్కన ఆల్బోర్నోజ్ కోట తోట ఉంది. చెట్ల నీడ, కింద లోయ, పిల్లలు పరుగెత్తడానికి చోటు. మేం ఎక్కువసార్లు అక్కడే తిన్నాం.

8. చంటిపిల్లను ఎత్తుకునే సంచీ తెచ్చుకోండి

తోపుడు బండి రాళ్లు పరిచిన వీధుల్లో ఎగిరెగిరి పడుతుంది, బావిలోకీ గుహల్లోకీ ఎటూ రాదు. కొండ అంచు గోడలు కొన్నిచోట్ల పిల్లలు ఎక్కేంత పొట్టివి, అక్కడ చెయ్యి వదలకండి.

9. దిగాక కూడా ఒకటుంది

కొండ పాదంలో క్రొచిఫిస్సో దెల్ తూఫో అనే ఎట్రస్కన్ల శ్మశానం. పేరు విని వద్దనుకోకండి. క్రీ.పూ. ఆరో శతాబ్దం నాటి రాతి సమాధులు తిన్నటి వీధులుగా, ఇళ్ల వరుసల్లా ఉంటాయి. గుమ్మాల మీద కుటుంబాల పేర్లు, కుడి నుంచి ఎడమకు చెక్కినవి. ఫలానావాళ్లదాన్నని ఆ సమాధే చెప్పుకుంటున్నట్టు రాస్తారు. మనవరాలు ఆ రాతను కాగితంపై దింపుకుంది. పెద్దవాళ్లు పోట్లాడుకోకుండా గంటసేపు తిరగగలిగే చోటు ఇది, నీడ కూడా బాగుంది.

10. చివీతాను అదే రోజు కలపకండి

ఇరవై కిలోమీటర్ల దూరంలో చివీతా ది బాన్యొరెజ్జో ఉంది. ఫొటోలు చూసి అందరూ అదీ కావాలంటారు. అదీ తూఫో మీది ఊరే. అడుగున బంకమన్ను వానకు కరిగి అంచులు జారిపోతూ, ఇప్పుడు పొడుగాటి కాలినడక వంతెన ఒక్కటే దారి. పిడికెడు మంది ఉంటారక్కడ, లోపలికి టికెట్టు. ఓర్వియెతో అంచులు కూడా విరిగిపడ్డాయి, దాన్ని కాపాడడానికి 1978లో ప్రభుత్వం ప్రత్యేక చట్టమే చేసింది. కొండను తినేది నీళ్లేనని, ఊళ్లోంచి ఇంకే మురుగు కూడా అందులో ఒకటని తెలిసి కాలువలు బాగుచేశారు. తాగే నీళ్లే కాదు, పారబోసే నీళ్ల సంగతీ అడగాలని పెద్దపిల్లలకు ఇక్కడ చెప్పొచ్చు. వెళ్లదలిస్తే మర్నాడు, పొద్దుటి పూటే వెళ్లండి. ఆ వంతెన మీద నీడ ఉండదు, చివర ఎక్కుడు నిటారు.