ఫోను నుండి కంప్యూటరుకు ఛాయాచిత్రములు: యు.ఎస్.బి. పద్ధతులలో దేనిని ఎన్నుకొనవలెను?

ఛాయాచిత్ర కళ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాగ్రాహకుడుగా ఉండి, 1894లో 'రాజా' బిరుదమును, 'ముసవ్విర్ జంగ్' అను గౌరవ నామమును పొందిన లాలా దీన్ దయాళ్ పేరు హైదరాబాదు చరిత్ర చదివిన వారందరికీ విదితమే. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఆయన 1905లో మరణించెను. ఆయన గాజు పలకలపై తీసిన చిత్రములలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించినది. చిత్రము తీసిన వాని ప్రతిభ ఎంత గొప్పదైనను, ఆ పలకలను కుటుంబము వారు జాగ్రత్తగా కాపాడి ఉండకపోయినచో, నేడు మనము ఆ కాలమును కన్నులారా చూడగలిగెడివారము కాము.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోను ఒక కెమెరా ఉన్నది. తీయుట సులభమైనది, దాచుట మాత్రము మరచిపోవుచున్నాము. ఫోను నీటిలో పడినను, బస్సులో పోయినను, తెర పగిలి పనిచేయక పోయినను, అందులోని వేలాది చిత్రములు దానితోనే పోవును. కావున చిత్రములను కంప్యూటరులోనికి చేర్చుకొను విద్య ప్రతి విద్యార్థికి అవసరము. ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించగానే, 'యు.ఎస్.బి.ని దేనికి వాడెదరు?' అను ప్రశ్న తెరపై వచ్చును. మనలో అనేకులు దానిని చదువకయే ఏదో ఒకటి నొక్కుదురు. ఆ ప్రశ్నకు అర్థమేమి, దేనిని ఎప్పుడు ఎన్నుకొనవలెను అను విషయమును ఈ వ్యాసములో వివరింపదలచినాము.

మన ఊరి నుండి ఒక ఉదాహరణ

మొయినాబాదు నుండి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వైపు సాగు బీజాపూరు రహదారికి ఇరువైపుల ఉన్న మర్రిచెట్లను చూడని వారు మన కళాశాలలో ఉండరు. ఈ రహదారి పొడవునా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నవని వృక్షప్రేమికులు లెక్కించినారు. రహదారి విస్తరణ వలన వీటికి కలుగు ముప్పును గూర్చిన వివాదము జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళినది. అటువంటి సందర్భములో 'ఇక్కడ ఒక పెద్ద చెట్టు ఉండెను' అను మాట చాలదు. ఏ చెట్టు, ఎక్కడ, ఏ తేదీన, ఏ స్థితిలో ఉన్నది అని చూపవలెను. ఛాయాచిత్రము అచ్చట సాక్షి వంటిది.

ఫోనుతో తీసిన చిత్రములో కంటికి కనిపించు బొమ్మయే గాక, కనిపించని సమాచారము కూడ ఉండును. దీనిని ఎగ్జిఫ్ అందురు. తీసిన తేదీ, గంట, నిమిషము, ఫోను నమూనా ఇందులో నమోదగును. కెమెరా అమరికలలో 'లొకేషన్' తెరచి ఉంచినచో అక్షాంశ రేఖాంశములు కూడ చేరును. అదే చిత్రమును మామూలుగా వాట్సాప్‌లో పంపినచో, చిత్రము కుదింపబడి స్పష్టత తగ్గును. స్థల సమాచారము తొలగిపోవును. అనగా సాక్షి మిగులును గాని సాక్ష్యము పోవును. 'డాక్యుమెంటు' రూపమున పంపినచో ఈ నష్టము ఉండదు. కాని వందల కొలది చిత్రములను అట్లు పంపుట కష్టము, డేటా ఖర్చు కూడ. తీగ ద్వారా నకలు చేసినచో అసలు చిత్రము ఉన్నది ఉన్నట్లుగా, ఖర్చు లేకుండ, కంప్యూటరుకు చేరును.

తీగలో ఏమున్నది?

యు.ఎస్.బి. మొదటి ప్రమాణము 1996 జనవరిలో వెలువడినది. దీని రూపకల్పనలో ముఖ్యుడైన అజయ్ భట్ బరోడాలో చదువుకొన్న భారతీయుడగుట మనకు గర్వకారణము. 2000లో వచ్చిన రెండవ ప్రమాణము ప్రకారము తీగలో నాలుగు లోపలి తీగలు ఉండును: రెండు విద్యుత్తుకు, రెండు సమాచారమునకు. చౌకగా దొరకు కొన్ని ఛార్జింగు తీగలలో సమాచారపు తీగలు రెండును ఉండవు. అట్టి తీగతో ఫోను ఛార్జి అగును గాని, కంప్యూటరుకు అది ఫోను అనియే తెలియదు. ఏ ప్రశ్నయు తెరపై రాదు. కావున 'కంప్యూటరు ఫోనును చూపుట లేదు' అనుకొనునప్పుడు మొదట అనుమానింపవలసినది తీగను, తరువాతనే తక్కిన వానిని.

పాత పద్ధతి ఎందుకు పోయినది?

మొదటి ఆండ్రాయిడ్ ఫోనులలో 'మాస్ స్టోరేజి' అను పద్ధతి ఉండెడిది. పెన్‌డ్రైవు నేటికిని ఇట్లే పనిచేయును. ఇందులో కంప్యూటరు ఫోను యొక్క నిల్వను పూర్తిగా తన అధీనములోనికి తీసికొనును. ఒకే చిట్టా పుస్తకములో ఇద్దరు గుమాస్తాలు ఒకే సమయమున వ్రాయుటకు పూనుకొన్నచో లెక్కలు తారుమారగును గదా! అందుచేత కంప్యూటరు పని చేయునంత సేపు ఫోను తన నిల్వను వదలుకొనవలసి వచ్చెడిది. కెమెరా పనిచేయదు, పాటలు వినరావు. తీగను తొందరపడి లాగినచో నిల్వ అంతయు చెడిపోవు ప్రమాదము కూడ ఉండెడిది. ఈ కారణముల వలన 2011 నుండి క్రొత్త ఆండ్రాయిడ్ ఫోనులు క్రమముగా ఈ పద్ధతిని విడిచిపెట్టినవి.

నేటి పద్ధతులు

దాని స్థానములో రెండు పద్ధతులు ముఖ్యముగా నిలచినవి.

మొదటిది ఫోటో బదిలీ, అనగా పి.టి.పి. డిజిటల్ కెమెరాల కొరకు 2000లో ఏర్పడిన ప్రమాణమిది. ఈ పద్ధతిలో ఫోను తనను తాను ఒక కెమెరాగా కంప్యూటరుకు పరిచయము చేసికొనును. సాధారణముగా చిత్రముల అరలైన 'డి.సి.ఐ.ఎమ్.', 'పిక్చర్స్' మాత్రమే తెరచి చూపును. తక్కిన పత్రములు, పాటలు, దిగుమతి చేసికొన్న దస్త్రములు కనబడవు. విండోస్, మాక్, లినక్స్ కంప్యూటరులన్నియు దీనిని గుర్తించగలవు.

రెండవది ఫైలు బదిలీ, అనగా ఎమ్.టి.పి. పాటల యంత్రముల కొరకు మైక్రోసాఫ్టు వారు పి.టి.పి.నే విస్తరించి దీనిని రూపొందించినారు. 2008లో ఇది యు.ఎస్.బి. ప్రమాణములలో చేరినది. ఇది పి.టి.పి.కి తమ్ముని వంటిది. అన్న కంటె ఎక్కువ అరలను తెరచును. పత్రములు, పాటలు, డౌన్‌లోడులు, వాట్సాప్ ద్వారా వచ్చిన చిత్రములు, అన్నియు కనబడును. విండోస్ కంప్యూటరులు దీనిని సులభముగా గుర్తించును. మాక్ కంప్యూటరులు స్వతహాగా గుర్తింపవు. వేరొక సాధనము కావలెను.

ఈ రెండు పద్ధతులలోను నిల్వ ఫోను అధీనములోనే ఉండును. గ్రంథాలయములో కొన్ని బీరువాలకు మనమే వెళ్ళి పుస్తకము తీయుటకు అనుమతి ఉండదు. చీటీ వ్రాసి ఇచ్చినచో గ్రంథాలయోద్యోగి తెచ్చి ఇచ్చును. ఇదియు అట్టిదే. కంప్యూటరు అడుగును, ఫోను తెచ్చి ఇచ్చును. అందువలననే తెర తాళము తీయనిచో కంప్యూటరులో ఫోను పేరు కనిపించినను లోపల ఖాళీగా కనబడును.

ఇవి గాక ఇంకను కొన్ని ఎంపికలు గలవు. 'టెథరింగు' అనగా ఫోనులోని ఇంటర్నెట్టును కంప్యూటరుకు ఇచ్చుట. 'మిడి' సంగీత వాద్యముల కొరకు. చిత్రములకు ఈ రెండును పనికిరావు. చివరిది 'డేటా బదిలీ వద్దు' లేక 'ఛార్జింగు మాత్రమే'. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుండి, మనము ఏమియు ఎన్నుకొననిచో ఫోను ఈ స్థితిలోనే ఉండును. ఇది లోపము కాదు, రక్షణ.

ఐఫోనులో ఇట్టి జాబితా ఉండదు. 'ఈ కంప్యూటరును నమ్ముదురా?' అని మాత్రము అడుగును. నమ్మినచో చిత్రములు కెమెరా వలెనే కనబడును. చిత్రముల అమరికలలో 'ఒరిజినల్స్ ఉంచుము' అని ఎన్నుకొన్నచో అసలు రూపములోనే వచ్చును. 'ఆటోమేటిక్' అని ఉంచినచో కంప్యూటరుకు అనుకూలమైన జెపెగ్ రూపమునకు మార్చి ఇచ్చును.

ఏ సందర్భమున ఏది?

ఇచ్చట మా ముఖ్యాభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. పద్ధతిని ఎన్నుకొనుట యంత్రమునకు సంబంధించిన చిన్న విషయముగా కనబడును. కాని నిజమునకు అది 'మన ఇంటిలోని ఏ గదిని ఎవరికి తెరచి చూపవలెను?' అను ప్రశ్న. పనికి ఎంత చాలునో అంతయే తెరువవలెను.

ఉపకార వేతనముల దరఖాస్తుకో, పరీక్ష రుసుముకో, ముద్రణకో మన విద్యార్థినీ విద్యార్థులు చేవెళ్ళలోను మొయినాబాదులోను ఇంటర్నెట్టు కేంద్రములకు, జిరాక్సు దుకాణములకు వెళ్ళుచుందురు. అచ్చట ఫోనును తగిలించి 'ఫైలు బదిలీ' నొక్కినచో, ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటో కొరకు ఇంటిల్లిపాది చిత్రములు, ఆధార్ నకళ్ళు, తండ్రి గారి పట్టాదారు పాసుపుస్తకపు చిత్రములు, అన్నియు పరుల యంత్రమునకు తెరచి ఇచ్చినట్లగును. 'ఫోటో బదిలీ' నొక్కినను చిత్రములన్నియు కనబడును. కావున అట్టిచోట కావలసిన ఒక్క దస్త్రమును పెన్‌డ్రైవులో వేసికొని పోవుట, లేదా ఈమెయిలు ద్వారా పంపుట ఉత్తమము. ముఖ్యముగా విద్యార్థినులు ఈ విషయమున ఏమరుపాటు చూపరాదు. ఛార్జింగు కొరకే పరుల కంప్యూటరుకు తగిలించినప్పుడు ప్రశ్న వచ్చినచో 'వద్దు' అనియే చెప్పవలెను.

స్నేహితుని కంప్యూటరులోనో, కళాశాల ప్రయోగశాలలోనో కెమెరా చిత్రములను మాత్రమే వేయవలసినప్పుడు 'ఫోటో బదిలీ' చాలును. తమ స్వంత కంప్యూటరులో, వాట్సాప్ చిత్రములు, పత్రములు కూడ దాచుకొనవలసినప్పుడు 'ఫైలు బదిలీ' తగినది. ఏది తోచకున్నచో మొదట 'ఫోటో బదిలీ'తో ప్రయత్నించి, కావలసినది కనబడనిచో రెండవదానికి పోవలెను.

బదిలీ చేయు క్రమము

1. ఫోను తెర తాళము తీసి, సమాచారము పంపగల తీగతో తగిలించవలెను.

2. పై నుండి తెర క్రిందికి లాగి, యు.ఎస్.బి. సూచనను నొక్కి, తగిన పద్ధతిని ఎన్నుకొనవలెను.

3. కంప్యూటరులో ముందుగా ఒక సంచయమును తయారుచేసి, తేదీ, స్థలము, విషయము పేరుగా పెట్టవలెను. ఉదాహరణకు, '2025-08-15 చేవెళ్ళ పతాకావిష్కరణ'.

4. చిత్రములను 'కాపీ' మాత్రమే చేయవలెను, 'కట్' చేయరాదు. మధ్యలో తీగ కదలినచో, కాపీలో సగము పని మాత్రము ఆగును. కట్‌లో చిత్రమునకే ప్రమాదము రావచ్చును.

5. రెండు వైపుల సంఖ్యను, పరిమాణమును సరిచూచి, కొన్ని చిత్రములను తెరచి చూచిన పిదపనే ఫోనులోనివి తొలగింపవలెను.

కాపీ అయిన దస్త్రము ప్రక్కన కొన్నిసార్లు నేటి తేదీ కనబడును. దానిని చూచి కలవరపడనక్కర లేదు. తీసిన తేదీ చిత్రము లోపల భద్రముగానే ఉండును.

సమయమును గూర్చి ఒక చిన్న లెక్క. ఒక్కొక్క చిత్రము 4 మెగాబైట్లు అనుకొన్నచో 500 చిత్రములు 2,000 మెగాబైట్లు. క్షణమునకు 25 మెగాబైట్ల వేగమున పోయినచో 80 క్షణములు పట్టును. అనగా ఒక గ్లాసు చాయ్ త్రాగునంత సేపు కూడ పట్టదు. 'తీరిక లేదు' అను సాకు ఇచ్చట నిలువదు.

అమానత్

కళాశాల వార్షికోత్సవములో, క్రీడలలో, ముషాయిరాలో తోటివారి చిత్రములు తీయు విద్యార్థి తన ఫోనులో తనవి కాని వస్తువులను మోయుచున్నాడు. ఉర్దూలో 'అమానత్' అను చక్కని మాట గలదు. నమ్మి మన వద్ద ఉంచిన సొత్తు అని దాని భావము. అమానత్‌ను పోగొట్టరాదు, పరులకు తెరచి చూపరాదు. యు.ఎస్.బి. ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుట ఈ రెండు ధర్మములను ఒకేసారి నెరవేర్చును.

ఛాయాగ్రాహకులు '3-2-1' అను నియమమును పాటింతురు: ప్రతి చిత్రమునకు మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములలో, ఒకటి వేరొక చోట. కళాశాల పాలక సంఘము వారికి మా సవినయ మనవి ఏమనగా, గ్రంథాలయములో ఒక కంప్యూటరును, రెండు హార్డు డిస్కులను ఇందుకై ప్రత్యేకించి, సంవత్సరముల వారీగా కళాశాల చిత్రములను, మన రహదారి మర్రుల చిత్రములను, గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల చిత్రములను భద్రపరచు ఏర్పాటు చేయవలెను. ఒక డిస్కు గ్రంథాలయములోను, రెండవది కార్యాలయపు బీరువాలోను ఉండవలెను. ఈ ఏర్పాటునకు అగు ఖర్చు స్వల్పము. కలుగు మేలు తరతరములకు నిలుచును.

గాజు పలకల కాలములో ఒక్కొక్క చిత్రము బరువైనది. అందుచేత దానిని జాగ్రత్తగా దాచిరి. నేటి చిత్రమునకు బరువు లేదు. అందుచేతనే మరింత జాగ్రత్త కావలెను. రహదారి ఎంత వెడల్పైనను, ఏ చెట్టు ఎక్కడ నీడనిచ్చెనో రాబోవు విద్యార్థులకు చూపవలసిన బాధ్యత నేడు ఫోను చేతబట్టిన మన అందరిది.