సొసైటీ ఎవరిది? (ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా ఊరి పరస్పర సహాయక సంఘమువారు బ్యాంకులకన్న హెచ్చు వడ్డీ యిచ్చెదమనుచున్నారు. ప్రభుత్వమువద్ద రిజిస్టరైనదే గదా, డిపాజిట్టు చేయవచ్చునా?
– ఒక గృహిణి, రేపల్లె

జవాబు: రిజిస్ట్రేషను సంఘమునకు పుట్టుక పత్రమేగాని మీ సొమ్మునకు పూచీకత్తు కాదు, బ్యాంకు డిపాజిట్లకుగల 5 లక్షల బీమా ఈ సంఘములకు లేదు గనుక, ఆడిట్ నివేదిక చూపనిచోట పైసయైనను వేయవలదు.

ప్రశ్న: మా వ్యవసాయ పరపతి సంఘమునకు ఎన్నికలు లేవు, సర్కారు నియమించినవారిదే పెత్తనము. సర్కారు మరికొంత వాటాధనమిచ్చి, పెత్తనము మాకు విడిచిపెట్టు మార్గమేది?
– ఒక రైతు, నందివెలుగు

జవాబు: సొమ్ము సర్కారుది, పెత్తనము మనది కావలెనను కోరిక మీయొక్కరిదే కాదు, జాబులు వ్రాయువారిలో పలువురిది. వడ్డీ వ్యాపారికి ఎదురొడ్డి నిలుచు సత్తువ చిన్న సంఘములకు లేదని గ్రహించి, ప్రభుత్వము వాటాదారు కావలెనని 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే సంఘము సిఫారసు చేసినది. అది నాటి రోగమునకు తగిన మందే. కాని వాటా వెంట అధికారియు వచ్చెను. 1964 నాటి మన సహకార సంఘముల చట్టములో విచారణకు 51వ సెక్షను, తిన్న సొమ్ము కక్కించుటకు 60వ సెక్షను కలవు. దొంగ లెక్కలు వ్రాయువారున్నంత కాలము ఇవి ఉండవలసినవే. పాలకవర్గముల గడువు తీరిపోయినను, 2013 తరువాత మన రాష్ట్రమున మరల ఎన్నికలు జరుపక నియమిత కమిటీలతో ఏండ్లు వెళ్లబుచ్చుట మాత్రము క్రమబద్ధీకరణము కాదు, కబ్జా.

అయినను మీరడుగని ప్రశ్న నొకటి నేనడిగెదను. పంట అప్పు చేతికిచ్చునపుడే గుమాస్తా దానిలోనుండి వాటాధనము మినహాయించుకొనును. ఆ మినహాయింపుతో తాను సంఘమునకు యజమానినైతినని ఎరుగక, అది యేదో ఖర్చు క్రింద పోయినదని గొణుగుకొనుచు ఇల్లు చేరు రైతులెందరు? మహాజన సభనాడు కోరము లేక, మరునాడు మినిట్సు పుస్తకము ఇంటింటికి వచ్చినపుడు చదువక సంతకము చేసి, యూరియా బస్తాలు దిగిన దినమున మాత్రము తెల్లవారకముందే క్యూ కట్టువారికి పెత్తనము దక్కదు, దక్కినను నిలువదు. సర్కారును అడుగవలసినది వాటాధనము కాదు. సకాలమున ఎన్నికయు, నిష్పాక్షికమైన ఆడిటును. తక్కినది మీరు సభకు పోయి కూర్చుండినగాని రాదు.

ప్రశ్న: మా పాల సంఘమును సర్కారు మరల పాత చట్టము క్రిందికి లాగుకొనగలదా?
– ఒక పాల రైతు, తెనాలి

జవాబు: ఒకసారి లాగిచూచినది. 1995 నాటి పరస్పర సహాయక సంఘముల చట్టము క్రిందికి స్వేచ్ఛగా వచ్చిన డెయిరీ సంఘములను 2006 సవరణతో 1964 చట్టము క్రిందికి వెనుకకు నెట్టగా, హైకోర్టు 2007లో దానిని కొట్టివేసినది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచినది. సంఘముగా ఏర్పడు హక్కు రాజ్యాంగదత్తము. సభ్యుల సమ్మతి లేక సంఘ స్వరూపము మార్చుట చెల్లదు. తీర్పు కాగితమును పెట్టెలో దాచి నిద్రింపకుడు. మీ లెక్కలు చక్కగా ఉన్నంతకాలమే అది మీకు కవచము.

ప్రశ్న: మేము పన్నెండుగురు స్త్రీలము పొదుపు సంఘము పెట్టదలచితిమి. ఏ చట్టము మేలు?
– ఒక ఉపాధ్యాయిని, బాపట్ల

జవాబు: వేర్వేరు కుటుంబములవారు పదిమంది ఉన్నచో 1995 చట్టము చాలును. సర్కారు వాటా కావలెనన్నచో 1964 చట్టము, సర్కారు జోక్యము వలదన్నచో 1995 చట్టము. వాటా కావలెను, జోక్యము వలదు అన్నచో అట్టి చట్టము ఇంకను పుట్టలేదు.