దయానిధి మౌనము

తరగతిలో నెవ్వరితోను మనసు విప్పి మాటాడని బాలుని చూచి "వీనికి గర్వ మెక్కువ" యని మనము తేలికగా తీర్మానింతుము. ఆ తీర్మాన మెంతవరకు న్యాయమో తెలిసికొనుటకై "చివరకు మిగిలేది" యను నవలలోని దయానిధి పాత్రను మే మీ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఈ నవలాకర్తయగు శివరాజు వెంకట సుబ్బారావు గారు బుచ్చిబాబు అను పేర ప్రసిద్ధులు. వీరు 1916లో ఏలూరునందు జన్మించి, అనంతపురమునను విశాఖపట్టణమునను ఆంగ్లోపన్యాసకులుగా నుండి, పిమ్మట ఆకాశవాణియందు పనిచేసి, 1967లో కీర్తిశేషులైరి. ఈ నవల 1946-47లో "నవోదయ" పత్రికయందు ధారావాహికముగా వెలువడినది. ఇందు బాహ్యసంఘటనలకన్న నాయకుని మనోవ్యాపారమునకే ప్రాధాన్యము హెచ్చు.

దయానిధి వైద్యవిద్య నభ్యసించిన యువకుడు. లోకము వాని తల్లి శీలముపై నొక నింద మోపినది. తల్లి మరణించినది గాని నింద మరణింపలేదు. మాతృవియోగము సామాన్యదుఃఖమైనచో నిరుగు పొరుగువారు వచ్చి యోదార్తురు. దుఃఖించువాడు వారియెదుట కన్నీరు విడిచి కొంత తేలికపడును. నింద మోపినవారే యోదార్పవచ్చినచో నెవరియెదుట నేడ్వవలెను? దయానిధి యెవ్వరియెదుటను మనసు విప్పలేని వాడగుటకు మూల మిదియేయని మాకు తోచుచున్నది. తల్లిని గూర్చి యెవ్వ రేమందురో యను శంక వానిని నీడవలె వెన్నంటును.

ఇందువలన గలిగిన నష్టము స్వల్పము గాదు. కోమలి, అమృతము మొదలైనవారు వాని జీవితమున ప్రవేశించిరి. వారిని గూర్చి యతడు లోలోపల నెంతయో యోజించును. పైకి పలుకునది మాత్రము కొంచెము. ఇందిరను వివాహమాడెను గాని యా కాపురము నిలువలేదు. పిదప నతడు రాయలసీమకు పోయి వైద్యము చేసెను. ధనమును, ఆస్పత్రియు సమకూరినవి. అయినను పాతకథ వాని నచ్చటికిని వెంబడించినది. ఇతరుల రోగములకు మందిచ్చు వైద్యుడు తన గాయమును మాత్ర మెవ్వరికిని చూపడయ్యెను.

షేక్స్పియరు నాటకములోని హామ్లెట్టు సయితము తండ్రిని గోల్పోయి తన మనసును దాచుకొన్నవాడే. అతడు పిచ్చివానివలె నటించి లోకమునుండి మరుగుపడెను. దయానిధి మౌనమున మరుగుపడెను. ఆ మరుగు మొదట రక్షణయే. పసిగాయముపై గట్టిన కట్టువంటిది. గాయ మారిన పిదపను విప్పని కట్టు అవయవమునే బిగించివేయును. దయానిధి యెవ్వరిని ద్వేషించినవాడు కాడు. మనసార ప్రేమింప వెరచినవాడు. లోకముతో గాక తనతో తాను సమాధానపడుటయే ముఖ్యమని యతడు కడపట గ్రహించును. ఆ గ్రహింపునకు వానికి యౌవనమంతయు పట్టినది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. మన మేడిపల్లి పరిసరములనుండియు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండియు ననేకులు పొట్టకూటికై గల్ఫు దేశములకు పోవుచున్నారు. వారిలో కొంద రక్కడనే మరణించిరి. పేటిక యింటికి జేరుటకు నొక్కొక్కప్పుడు వారములు పట్టును. తండ్రిని ఫోనులోని కంఠముగానే యెక్కువగా నెరిగిన బిడ్డకు, ఆ కంఠము నిలిచిన పిదప నూరివారి మాటలు వినవచ్చును: అప్పెంత మిగిలినది? అత డెట్లు చనిపోయెను? ఆ బిడ్డ తరగతిలో చివర గూర్చుండి మాటాడకుండిన, అది గర్వమని యెట్లనగలము?

విద్యార్థులారా, అట్టి సహపాఠిని ప్రశ్నలతో వేధింపకుడు, జాలిమాటలతోను వేధింపకుడు. ఆటకు బిలువుడు, మధ్యాహ్నము ప్రక్కన గూర్చుండి భుజింపుడు, రాకపోయిన మరునాడు మరల బిలువుడు. అతడు తనంతట నొకనాడు తండ్రి మాట యెత్తినచో, నడుమ నడ్డుపడక వినుడు. విన్నదానిని మరియొకనికి చెప్పకుడు. తలిదండ్రులారా, పిల్లలు వినుచుండగా మృతులను గూర్చి తేలికగా మాటాడకుడు. దయానిధికి లభింపని మేలు మన బడిలోని బిడ్డకు లభించినచో మే మీ నవలను చదివిన ఫలము దక్కినట్లే.