రక్షణ కొనుగోళ్లు: స్వదేశీకే పెద్దపీట

పోటీ పరీక్షల ప్రత్యేకం

- డీఏపీ-2020: రక్షణ సేకరణ విధానం. అమల్లోకి వచ్చింది 2020 అక్టోబరు 1న.
- డీఏసీ: రక్షణ సేకరణ మండలి. అధ్యక్షుడు: రక్షణ మంత్రి.
- ప్రాధాన్యంలో మొదటిది: బై (ఇండియన్-ఐడీడీఎం). దేశంలోనే రూపకల్పన, అభివృద్ధి, తయారీ జరగాలి. స్వదేశీ వాటా కనీసం 50%.
- చివరిది: బై (గ్లోబల్). విదేశీ సంస్థ నేరుగా అమ్మవచ్చు.
- ఆఫ్‌సెట్: ఒప్పంద విలువలో 30% మేర విదేశీ సంస్థ ఇక్కడ పెట్టుబడి, కొనుగోళ్ల వంటి రూపాల్లో వెచ్చించాలి. వర్తించే పరిమితి: ఒప్పంద విలువ రూ.2,000 కోట్లు, ఆపైన. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలకు, సింగిల్ వెండర్ కొనుగోళ్లకు మినహాయింపు.
- ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి): ఆటోమేటిక్ మార్గంలో 74% (2020 నుంచి, అంతకుముందు 49%). ఆపైన ప్రభుత్వ అనుమతి.
- దిగుమతి నిషేధ జాబితా: మొదటిది 2020 ఆగస్టులో, 101 వస్తువులు.
- జీఎఫ్ఆర్ (సాధారణ ఆర్థిక నిబంధనలు) 144(11): 2020 జులై సవరణ. భూసరిహద్దు దేశాల బిడ్డర్లకు ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

మన దగ్గర

- బీడీఎల్ (భారత్ డైనమిక్స్ లిమిటెడ్): స్థాపన 1970. కార్పొరేట్ కార్యాలయం గచ్చిబౌలిలో.
- మిధాని (మిశ్ర ధాతు నిగమ్): 1973, కంచన్‌బాగ్. ప్రత్యేక లోహాలు, మిశ్రమ లోహాలు.
- కల్యాణి రఫాయెల్: హైదరాబాద్, 2017. భారత సంస్థ వాటా 51%, ఇజ్రాయెల్ సంస్థ వాటా 49%.
- టాటా బోయింగ్: హైదరాబాద్, 2018. అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలాజ్‌లు.

ఇక్కడే తడబడతారు: ఎఫ్‌డీఐ 74% అయినా, ఐడీడీఎం విభాగంలో పోటీపడే సంస్థలో విదేశీ వాటా 49% మించకూడదు. యాజమాన్యం, నియంత్రణ భారత పౌరులవే.

రావచ్చు: ఆఫ్‌సెట్ పరిమితి, 49–74 తేడా, విభాగాల ప్రాధాన్య క్రమం.