మెలితే ద్వీపపు పండుగ

చదువవలసిన భాగము: అపొ. కార్యములు 28:1–10



పౌలు ఎక్కిన ఓడ బద్దలైనప్పుడు అందులోని 276 మందియు ప్రాణములతో మెలితే ద్వీపమున ఒడ్డెక్కిరి. వానకు తడిసి చలికి వణకుచున్న ఆ పరదేశులకు ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి, అందరిని చేర్చుకొనిరి. ఆ మెలితేయే మధ్యధరా సముద్రములోని మాల్టా అని పూర్వమునుండి చెప్పుదురు. ఆ ద్వీపమున ఉపవాస దినములకు ముందు జరుగు కార్నివాల్ పండుగనుండి ఒక పాఠము నేర్చుకొందము.

పండుగ ఎట్టిది?

భస్మ బుధవారముతో నలువది దినముల ఉపవాసకాలము మొదలగును. పూర్వము ఆ దినములలో మాంసము ముట్టెడివారు కారు. గనుక ముందుగనే తిని, ఆడి పాడుట వాడుకయ్యెను. మాల్టాలో 1535వ సంవత్సరమున యోహాను నైట్లు బిర్గు పట్టణమందు ఈ పండుగ జరిపిరి. నేటికిని శుక్రవారము మొదలు మంగళవారము వరకు వల్లెట్టా వీధులలో పెద్ద బొమ్మల బండ్లు ఊరేగును. 1565లో తురకల ముట్టడి తొలగిన జ్ఞాపకముగా కత్తులతో పరాట అను నాట్యము చేయుదురు. పొరుగుననున్న గోజో ద్వీపములో, నదూర్ గ్రామస్థులు ముసుగులు వేసికొని, గొంతు ఎవరును ఆనవాలు పట్టకుండ మౌనముగా తిరుగుదురు.

ఒక దుఃఖదినము

ఈ వేడుకల గుంపులో పేద పిల్లలకు కీడు కలుగకూడదని పెద్దలు ఒక మంచి ఏర్పాటు చేసిరి. పిల్లలను ఊరేగింపుగా ప్రార్థనకు తీసికొనిపోయి, తరువాత వల్లెట్టాలోని ఒక సన్యాసుల మఠములో రొట్టె పంచిపెట్టెడివారు. 1823 ఫిబ్రవరి 11వ తేదీ, కార్నివాల్ కడపటి దినమున, ప్రార్థన ఆలస్యమాయెను. రొట్టె కొరకు బయటివారును లోపల జొరబడిరి. నడవలోని దీపము ఆరిపోయెను. వెనుకనున్నవారు నెట్టగా ముందున్న పిల్లలు చీకటిలో మెట్లమీద ఒకరిపై నొకరు పడిరి. తలుపులు లోపలికి తెరచుకొనునవి గనుక వెంటనే తెరచుటకు వీలు లేకపోయెను. సుమారు 110 మంది బాలురు ఊపిరాడక చనిపోయిరి.

మనకు పాఠము

1. రొట్టె పంచినవారిలో చెడుతలంపు లేదు, ప్రేమయే యుండెను. అయినను దీపమును, తలుపును, గుంపును కనిపెట్టువారు చాలకపోయిరి. ప్రేమకు జాగ్రత్త తోడుండవలెను.

2. వీధిలోని ఆట అపాయకరమనియు, ప్రార్థనచోటు క్షేమమనియు తలంచితిమా? కాపలా లేనిచో ఏ చోటైనను అపాయకరమే. క్రిస్మసు కూటములలో, బట్టలు పంచునప్పుడు, భోజనపు బంతులలో మన పిల్లలను తలంచుకొనుడి.

3. మెలితే వాసులు ముందుగా నిప్పు రాజబెట్టిరి. ఎదుటివానికి ఆ గడియలో ఏమి కావలెనో చూచిరి. మెలకువతో కూడిన దయ అట్టిది.

ఆలోచించుడి

మన గుడి తలుపు ఎటు తెరచుకొనును? గుంపు కూడిన రాత్రి దీపమువద్ద ఎవరు నిలిచెదరు? వచ్చు పండుగకు ముందే పెద్దలు కూడి ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకొందురు గాక.