చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకము వ్రాయు విధము

పట్టుదల, నూతన కల్పన అను రెండు గుణములను చిన్నపిల్లలకు బోధించు నిమిత్తము ఒక బొమ్మల పుస్తకము వ్రాయవలెనని కొంతకాలము క్రిందట మేము తలపెట్టితిమి. పండ్రెండు పుటలు వ్రాసితిమి. ప్రతి పుటలోను పైన ఒక బొమ్మ, క్రింద ఒక నీతివాక్యము. చెట్టెక్కబోయి మూడుమారులు జారిపడి, నాలుగవమారు పండు కోసికొనిన బాలుని కథ అది. మొదటి తరగతి పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని దానిని చదివి వినిపించితిమి. నీతివాక్యములు చదువుచున్నంతసేపు వారు కిటికీవైపు చూచుచుండిరి. ఐదవ పుటయొద్ద మాత్రము ఒక బాలుడు ముందుకు జరిగెను. వాడు అక్షరములు దిద్దుటలో మాటిమాటికి తప్పి, పలకను వీపువెనుక దాచుకొను అలవాటు గలవాడు. బొమ్మపై వ్రేలుంచి, “మాస్టారూ, ఈ అబ్బాయి మోకాలికి దెబ్బ తగిలినది గదా! మరల యెందుకు ఎక్కుచున్నాడు?” అని యడిగెను. మేము వ్రాసిన పండ్రెండు నీతివాక్యములలో దానికి ప్రత్యుత్తరము లేకపోయెను.

ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. పై తరగతుల విద్యార్థులలో చిత్రలేఖనము వచ్చినవారును, కథలు అల్లగలవారును కలరు. వారు తమ తమ్ములకు, చెల్లెండ్రకు ఒక పుస్తకము చేయదలచినయెడల ఏ మార్గము ననుసరింపవలెనో ఇచ్చట తెలుపుచున్నాము.

మొదట గ్రహింపవలసిన దేమనగా, అక్షరములు రాని పిల్లవాడు బొమ్మనే చదువును. ఈ సత్యమును ఐరోపా ఖండమున చాలకాలము క్రిందటనే కనుగొనినవాడు కొమేనియస్ అను ఉపాధ్యాయుడు. ఆయన 1592లో మొరేవియా దేశమున జన్మించెను. మొరేవియను సహోదర సంఘమునకు బిషప్పు. యుద్ధములవలన స్వదేశము విడిచి పరదేశములలో తిరుగవలసినవా డాయెను. 1656లో ఆయన నివసించుచుండిన లెష్నో పట్టణము తగులబడినప్పుడు, అనేక సంవత్సరములు శ్రమించి వ్రాసిన వ్రాతప్రతులును, గ్రంథాలయమును బూడిదయైనవి. అప్పటికి ఆయన వయస్సు అరువదినాలుగు సంవత్సరములు. అయినను 1658లో ఆయన “ఆర్బిస్ పిక్టస్” అను పుస్తకము నూరెంబర్గులో అచ్చుపడెను. పిల్లలకొరకు చేయబడిన బొమ్మల పుస్తకములలో మిక్కిలి ప్రాచీనమైనదిగా దీనిని చెప్పుదురు. ఒక్కొక్క పాఠమునకు ఒక్కొక్క బొమ్మ. బొమ్మలోని వస్తువులకు అంకెలు. ఆ అంకెలనుబట్టి క్రింద మాటలు. కన్ను ముందు నడచును, మాట వెనుక నడచును అను సూత్రమే ఈ పుస్తకమునకు ఆధారము.

ఇక కథారూపమైన బొమ్మల పుస్తకమునకు ఇంగ్లండు దేశపు బియాట్రిక్స్ పాటర్ అను స్త్రీ చరిత్ర మనకు మంచి పాఠము. ఆమె 1866లో లండనునందు జన్మించెను. బాల్యమునుండి కుందేళ్లను, ఎలుకలను పెంచుచు, వానిని చూచి బొమ్మలు వ్రాయుచుండెను. ఒకప్పుడు తనకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని కుమారుడు, ఐదేండ్లవాడు, జబ్బుగా నుండగా, 1893 సెప్టెంబరు 4వ తేదీన వానికి ఒక జాబు వ్రాసెను. అందులో నాలుగు కుందేటి పిల్లల కథను చిన్న చిన్న బొమ్మలతో చెప్పెను. ఆ బాలుడు జాబును భద్రముగా దాచుకొనెను. కొన్నియేండ్లకు ఆమె దానిని అడిగి తెప్పించుకొని, పెంచి, పుస్తకముగా వ్రాసి ప్రచురణకర్తలకు పంపెను. ఆరుగురు త్రిప్పి పంపిరి. పిల్లల చిన్నచేతులలో ఇముడునట్టి చిన్నపుస్తకముగా ఉండవలెననియు, వెల తక్కువగా ఉండవలెననియు ఆమె పట్టు.

ఇచ్చట రెండు మార్గములు గలవు. అదే ప్రతిని ఏడవవానికి, ఎనిమిదవవానికి పంపుచునే ఉండుట ఒకటి. నిరాశచేసి పెట్టెలో పెట్టుట రెండవది. ఆమె మూడవ మార్గము కనుగొనెను. తన సొంత సొమ్ముతో 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చువేయించెను. పిమ్మట, మునుపు నిరాకరించిన ప్రచురణకర్తలలో ఒకరైన వార్న్ కంపెనీవారు, రంగుల బొమ్మలు వేసినయెడల ప్రచురింతుమనిరి. ఆమె నలుపు తెలుపు బొమ్మలను విడిచి రంగులలో మరల చిత్రించెను. పరిమాణము విషయమున మాత్రము లొంగలేదు. 1902 అక్టోబరులో “పీటర్ కుందేలు కథ” మొదటి ముద్రణ 8,000 ప్రతులు వెలువడెను. దేనిని విడువవచ్చునో, దేనిని విడువరాదో తెలిసినదే పట్టుదల. ఆ తెలివి లేనిది మొండితనము.

ఆ కథలోనే ఈ పాఠము దాగియున్నది. తోటలో చిక్కుకొనిన పీటరు గోడకున్న తలుపు తీయజూచును; అది తాళము వేయబడియున్నది. క్రిందినుండి దూరుటకు సందు లేదు. దారి యెటని ఒక ముసలి ఎలుకను అడుగును. దాని నోట పెద్ద బఠాణిగింజ యుండుటచేత బదులు చెప్పలేదు. పీటరు ఏడ్చును. తరువాత మరియొక దిక్కునకు పోయి, ఒంటిచక్రపు తోపుడుబండి నెక్కి చూచును. దూరమున తోట గుమ్మము కనబడును! పట్టుదల అను మాట ఆ పుస్తకమున ఎచ్చటను లేదు. తలుపు, గింజ, బండి మాత్రమే కలవు. వానిని చూచిన పిల్లవాడు మిగిలినది తానే తెలిసికొనును.

దీనినిబట్టి కొన్ని నియమములు ఏర్పరచుకొందము.

మొదటిది: గుణముయొక్క పేరు వ్రాయకుడు, గుణముయొక్క పని చూపుడు. మన ప్రభువు చెప్పిన ఉపమానమున నాణెము పోగొట్టుకొనిన స్త్రీకి పట్టుదల గలదని చెప్పబడలేదు. దీపమును, చీపురును మన కన్నులకు కనబడును. అంతే చాలును.

రెండవది: రెండవ ప్రయత్నము మొదటి దానివలె ఉండరాదు. మా బాలుడు ఒకే కొమ్మను పట్టుకొని నాలుగుమారులు ఎక్కెను. అందుచేతనే “మరల యెందుకు?” అను ప్రశ్న పుట్టినది. ఏదో ఒకటి మారవలెను. ఆ మార్పు బొమ్మలో కనబడవలెను.

మూడవది: బొమ్మ చెప్పినదానిని మాట మరల చెప్పరాదు. మాటలు రెండు చిన్న వాక్యములకు మించరాదు. తొలి తరగతివారికైనచో సంయుక్తాక్షరములు సాధ్యమైనంత తక్కువగా ఉండవలెను.

నాలుగవది: పుటల లెక్క ముందే చూచుకొనవలెను. ఒక కాగితపు తావును మూడుమారులు మడిచి అంచులు కోసినయెడల ఎనిమిది ఆకులు, అనగా పదునారు పుటలు వచ్చును. మొదటి పుట పేరునకు, చివరి పుట ఖాళీగాను విడిచినచో, ఎదురెదురు పుటలు ఏడు జతలు మిగులును. కథను ఆ యేడు జతలకు పంచవలెను. పుట త్రిప్పకముందు సందేహము, త్రిప్పినపిమ్మట సమాధానము ఉండునట్లు అమర్చవలెను.

ఉదాహరణమునకు గిజిగాని కథను తీసికొందము. వానకాలమున మగపక్షి వరి ఆకును ముక్కుతో గాటుపెట్టి, పొడవైన పీలికగా చీల్చి, కొమ్మకు ముడివేసి గూడు అల్లును. గూడు సగమై టోపీవలె వ్రేలాడునప్పుడు ఆడుపక్షి వచ్చి పరీక్షించును. దానికి నచ్చనియెడల మగపక్షి ఆ సగము గూటిని విడిచి వేరొకటి ఆరంభించును. ఇంతవరకు మన కన్నులయెదుట జరుగునదే. కథకొరకు మేము కల్పించినది కొంచెమే. మొదటి జతలో ఆకు చీల్చుట. రెండవదానిలో పొట్టిచెట్టు కొమ్మకు ముడి. మూడవదానిలో ఆడుపక్షి రాక. నాలుగవదానిలో అది ఎగిరిపోవుట. అచ్చట ఒక్క మాటయు లేదు. చెట్టు మొదట మాత్రము ఒక చిన్న పిల్లి పైకి చూచుచున్నట్లు వ్రాసితిమి. ఐదవదానిలో పక్షి బావిచుట్టు తిరుగుట; ఆరవదానిలో బావిమీదికి వంగిన ఈతచెట్టు మట్టకు క్రొత్త ముడి; ఏడవదానిలో పొడవైన గొట్టముతో పూర్తియైన గూడు, దూరమున పాతచెట్టున సగము గూడు.

అచ్చునకు ఇచ్చుటకు ముందు పుస్తకమును పిల్లలయెదుట పెట్టి, మాటలాడక వారి వ్రేళ్లను చూడవలెను. వ్రేలు ఎచ్చట ఆగునో అచ్చట కథ గలదు. ఎచ్చట ఆగదో అచ్చట తిరిగి వ్రాయవలెను. మేమును ఈ గిజిగాని పుస్తకమును మూడుమారులు వ్రాసితిమి. మొదట పిల్లి లేదు. రెండవమారు పిల్లి మరీ పెద్దదై, పిల్లలు పక్షినే మరచిరి.

మూడవ ప్రతిని తీసికొనిపోయి, ఆ పలక దాచుకొను బాలునిచేతనే పుటలు త్రిప్పించితిమి. నాలుగవ జతయొద్ద వాడు చాలసేపు ఆగెను. ఆరవదానియొద్ద చిరునవ్వు నవ్వి, “ఇక్కడికి పిల్లి రాలేదు, క్రింద నీళ్లున్నవి,” అనెను. మరల యెందుకు కట్టుచున్నదని ఈసారి అడుగలేదు. కొంతసేపటికి పలకను ముందుకు తీసి, తప్పిన ‘ఖ’ను తుడిచి, మునుపటివలె పైనుండి గాక ప్రక్కనుండి ఆరంభించి దిద్దెను. అదియు తప్పే. అయినను పలక వీపువెనుకకు పోలేదు.

ప్రియ విద్యార్థులారా, మీరు చేయు పుస్తకమునకు ఇంతకంటె గొప్ప బహుమానమును మేమెరుగము. కాగితము మడువుడు, ఆరంభింపుడు.