పొగగొట్టం తీసేముందు

మా కోనసీమలో పాత పెంకుటిళ్ల వంటగది మీద ఇటుక పొగగొట్టం ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకప్పుడు దాని కింద కొబ్బరి మట్టలు, డొక్కలు మండేవి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక చాలా పొయ్యిలు ఆరిపోయాయి. గొట్టం మాత్రం మిగిలింది, వానొస్తే అందులోంచి నీళ్లు కారుతూ. ఈ వేసవిలో మా ఇంట్లో దాన్ని తీయించాం.

మన భాషలో చెప్పాలంటే అది డెడ్ కోడ్. కానీ డిలీట్ చేసేముందు ఇంకెవరైనా దాన్ని వాడుతున్నారేమో చూడాలి కదా! తాపీమేస్త్రి మొదట అడిగింది అదే: "పొయ్యి ఇంకా వెలిగిస్తున్నారాండీ?" మా మామ్మ చలికాలంలో స్నానానికి నీళ్లు కట్టెల మీదే కాస్తుంది. గొట్టం మూసేసి లోపల కట్టెలు మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. అందుకని ముందు ఆ పొయ్యిని పెరట్లోకి మార్చాం.

వేడిగాలి తేలిక, పైకి పోతుంది. పొగగొట్టం సూత్రం ఇంతే. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు 1950ల తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన పొగలేని పొయ్యికీ ఇదే ఆధారం. ఎల్పీజీ దీనికి రివర్స్. గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలమీద పరుచుకుంటుంది. పైనున్న గొట్టం దాన్ని లాగదు. నేల దగ్గర గాలి బయటికి పోయే దారి కావాలి.

ఇక పని వరస:

1. పైనుంచి కిందికి ఒక్కో ఇటుకే తీయాలి. కింద ముందు కొడితే పైభాగం మీద పడుతుంది.

2. మసిని తడిపి ఎత్తాలి, మాస్క్ తప్పనిసరి. గొట్టం ఆస్బెస్టాస్ సిమెంటుదైతే కోయొద్దు, పగలగొట్టొద్దు. దాని పొడి క్యాన్సర్ తెస్తుంది. తడిపి, పైపు పైపుగానే దించాలి.

3. కప్పులో ఖాళీకి వాసం, పెంకు వేసి సరిచేయాలి. ఉత్త సిమెంటు పూత ఎండకి పగులుతుంది.

4. గోడలో కొంత గొట్టం మిగిలితే పైన నీరు దిగకుండా మూసి, కింద చిన్న జాలీ వదలాలి. రెండువైపులా బిగిస్తే లోపలి తేమ మసితో కలిసి గోడమీద గోధుమరంగు మరకలేస్తుంది. ఎన్ని సున్నాలేసినా పైకి తేలుతూనే ఉంటాయి.

మీ ఊళ్లో కూడా ఇలాంటి గొట్టం ఉంటే తొలకరికి ముందే పని పెట్టుకోండి. మేస్త్రిని పిలిచేముందు మాత్రం ఇంట్లో పెద్దావిణ్ణి అడగండి, పొయ్యి సంగతి ఆవిడకే తెలుసు.